గాయం తర్వాత మళ్లీ ఆడలేనివాళ్ల సంగతి

1994లో పుణెలో జరిగిన జాతీయ క్రీడల్లో బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడుతూ పుల్లెల గోపీచంద్ కోర్టులోనే కుప్పకూలాడు. మోకాలిలోని ఏసీఎల్ లిగమెంట్ తెగిపోయింది. ఆ తర్వాత ఆపరేషన్లు, నెలల తరబడి కాలు కదపలేని రోజులు, మళ్లీ మొదటి నుంచి నడక, పరుగు. ఏడేళ్లకు, 2001 మార్చిలో, బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు. తెలుగునాట ఏ క్రీడా మైదానానికి వెళ్లినా, దెబ్బ తగిలి కూర్చున్న పిల్లవాడికి కోచ్ సార్ మొదట చెప్పేది ఈ కథే. తల్లిదండ్రులూ ఇదే చెబుతారు. కథ నిజం, దాని వల్ల చాలామంది లేచి నిలబడ్డారన్నదీ నిజం.

ఇబ్బంది ఎక్కడంటే, గాయం గురించి మన దగ్గర ఉన్నది ఈ ఒక్క కథే. తిరిగి వచ్చినవాళ్ల మీద ఫీచర్లు రాస్తాం, ఫ్లెక్సీలు కడతాం, పిల్లల చేత వక్తృత్వ పోటీల్లో చెప్పిస్తాం. తిరిగి రాలేనివాళ్ల గురించి ఏం మాట్లాడాలో తెలియదు. ఎక్కువగా జాలిపడతాం, లేకపోతే 'ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించి ఉంటే' అంటాం. ఈ రెండో మాట ఆటగాడికి చాలా అన్యాయం చేస్తుంది. తెగిన లిగమెంట్, కీళ్లలో అరిగిపోయిన కార్టిలేజ్ పొర, గుండె కండరంలోని లోపం పట్టుదలకు లొంగవు. ఆట ఆగిపోవడం ఆ మనిషి ఓటమి అన్న అర్థం వచ్చేలా మాట్లాడితే, పోయిన ఆటతో పాటు ఆత్మగౌరవాన్నీ లాక్కున్నట్టే.

తనకు తానుగా తప్పుకోవడానికీ, శరీరం తప్పించడానికీ మధ్య చాలా దూరం ఉంది. వయసు చూసుకుని రిటైరయ్యే ఆటగాడికి ఆఖరి సీజన్ ఉంటుంది. చివరి మ్యాచ్ ఎవరితోనో తెలుస్తుంది, ఇంట్లో ముందే మాట్లాడుకుంటారు, కొంత డబ్బు పక్కన పెట్టుకుంటారు. గాయంతో ఆగినవాడికి ఇవేవీ ఉండవు. తను ఆడుతున్నది చివరి మ్యాచ్ అని ఆ రోజు తెలియదు. క్రీడా మనస్తత్వ పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలిన విషయం ఇదే: నిర్ణయం తన చేతిలో ఉన్నప్పుడు సర్దుకోవడం తేలిక, లేనప్పుడు కష్టం.

ఎందుకంత కష్టమో తెలియాలంటే ఆట ఆ మనిషి జీవితంలోకి ఎంత చిన్న వయసులో వచ్చిందో చూడాలి. హకీంపేటలోని స్పోర్ట్స్ స్కూల్లో పిల్లల్ని నాలుగో తరగతిలోనే తీసుకుంటారు. ఎత్తు, బరువు కొలుస్తారు. 30 మీటర్ల పరుగు, నిలబడి దూకే లాంగ్ జంప్, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు లాంటి పరీక్షలు పెడతారు. ఊళ్లో పదిమంది 'మా రన్నర్' అని పిలవడం ఆ సెలెక్షన్ రోజు నుంచే మొదలవుతుంది. అక్కడి నుంచి పొద్దున్నే గ్రౌండు, మధ్యాహ్నం క్లాసు, సాయంత్రం మళ్లీ గ్రౌండు. స్నేహితులు ఆటలోవాళ్లే, సెలవులు మీట్‌లను బట్టే, తిండి కోచ్ చెప్పినట్టే. పదేళ్లు ఇలా గడిచాక 'నువ్వెవరు' అని అడిగితే ఆ యువకుడి దగ్గర ఒకే జవాబు ఉంటుంది.

దీన్ని పరిశోధకులు అథ్లెటిక్ ఐడెంటిటీ అంటారు. మనిషి తనను తాను ఎంతవరకు ఆటగాడిగానే చూసుకుంటున్నాడో కొలవడానికి బ్రూవర్, వాన్ రాల్టే, లిండర్ అనే ముగ్గురు 1993లో పది వాక్యాల ప్రశ్నావళి ఒకటి తయారుచేశారు. నేటికీ అది వాడుకలో ఉంది. ఈ గుర్తింపు ఎంత బలంగా ఉంటే శిక్షణలో అంత నిష్ఠ కనిపిస్తుంది. అదే బలం, ఆట ఆగిన రోజున మనిషిని ఖాళీ చేస్తుంది. అంటే కోచ్‌లు మెచ్చుకునే గుణమే తర్వాతి కష్టానికీ మూలం. అందుకే 'మంచి డెడికేషన్ ఉన్న కుర్రాడు' అనిపించుకున్నవాడి మీద గాయం తర్వాత మరింత కన్నేసి ఉంచాలి.

శరీరం సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. రోజుకు ఆరేడు గంటలు శ్రమించిన శరీరం ఒక్కసారి మంచానికి చేరితే ఆకలి వెంటనే తగ్గదు, బరువు పెరుగుతుంది. ఏళ్ల తరబడి వ్యాయామంతో ముడిపడిన నిద్ర చెదురుతుంది. చిరాకు, దిగులు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం వస్తాయి. ఇదంతా మనసు బలహీనత అనుకుని ఆటగాడు సిగ్గుపడతాడు. వ్యాయామం హఠాత్తుగా ఆపినప్పుడు మామూలు ఆరోగ్యవంతుల్లోనూ మూడ్ పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. అందుకే డాక్టర్ ఒప్పుకున్న మేరకు ఈతో, సైక్లింగో, చేతుల వ్యాయామమో ఏదో ఒకటి కొనసాగిస్తూ మెల్లగా తగ్గించాలి. రీహాబ్ అంటే తిరిగి మ్యాచ్ ఆడించడానికే అని మనవాళ్లు అనుకుంటారు. మ్యాచ్ ఆడే ఆశ లేదని తేలగానే ఫిజియో దగ్గరికి వెళ్లడం మానేస్తారు. మరో నలభై ఏళ్లు ఆ కాళ్లతోనే మెట్లెక్కాలి, పిల్లల్ని ఎత్తుకోవాలి, బస్సెక్కాలి. ఏసీఎల్ గానీ, మోకాలిలో కుషన్‌లా ఉండే మెనిస్కస్ గానీ చిరిగినవాళ్లలో సుమారు సగం మందికి 10 నుంచి 20 ఏళ్లలో మోకీళ్ల అరుగుదల కనిపిస్తుందని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. ఇరవై ఏళ్లకు దెబ్బ తగిలిన అమ్మాయికి నలభై రాకముందే ముసలి మోకాలు రావచ్చన్నమాట.

సైనా నెహ్వాల్ విషయంలో రెండు దశలూ కనిపిస్తాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన ఆమెకు 2016 రియో తర్వాత మోకాలి ఆపరేషన్ జరిగింది. పనైపోయిందని చాలామంది అనుకుంటున్నప్పుడు 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం, 2018 కామన్వెల్త్ క్రీడల్లో సింధును ఓడించి స్వర్ణం గెలిచింది. మనకు నచ్చే కథ అంతవరకే. మోకాలు అక్కడితో ఊరుకోలేదు. తనకు ఆర్థరైటిస్ ఉందని, కార్టిలేజ్ దెబ్బతిందని, రోజూ ఎనిమిది తొమ్మిది గంటలు సాధన చేయడం కష్టమని 2024లో ఆమే బయటికి చెప్పింది. ఒకసారి గెలిచి చూపించిన మోకాలే రెండోసారి కుదరదంది. పట్టుదల మొదటిసారి ఉండి, రెండోసారి లేకుండా పోయిందని ఎవరైనా అనగలరా?

ఆట ఆగే తీరు కూడా అందరికీ ఒకలా ఉండదు. కొందరికి ఒక్క రోజులో తెగిపోతుంది. ఇంగ్లండ్ బ్యాటర్ జేమ్స్ టేలర్ 2016 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్‌లో మ్యాచ్‌కు ముందు వార్మప్ చేస్తుండగా గుండె నిమిషానికి 265 సార్లు కొట్టుకుంది. మొదట వైరల్ జ్వరం లాంటిదేదో అనుకున్నారు. పరీక్షల్లో గుండె కండరానికి సంబంధించిన ఏఆర్‌వీసీ అనే జబ్బు బయటపడింది. కొద్దిరోజుల్లోనే, 26 ఏళ్లకే రిటైర్మెంట్. ఈ జబ్బులో మరో క్రూరత్వం ఉంది. తీవ్రమైన వ్యాయామం చేస్తే జబ్బు ముదురుతుంది కాబట్టి సరదాకి పరుగెత్తడం కూడా కుదరదు. మోకాలు పోయిన ఆటగాడికి ఈతైనా మిగులుతుంది, ఇతనికి అదీ లేదు. గుండె లయ తప్పితే సరిచేసే డీఫిబ్రిలేటర్ పరికరాన్ని ఛాతీలో పెట్టారు. రెండేళ్ల తర్వాత, 2018లో, ఇంగ్లండ్ జట్టు సెలెక్టర్‌గా అతన్ని తీసుకున్నారు. శరీరం వద్దన్నా ఆట మీద అతనికున్న అవగాహన ఎక్కడికీ పోలేదని అక్కడి బోర్డు గుర్తించడం గొప్ప విషయం. దాదాపు ఇలాంటిదే ఫుట్‌బాలర్ ఫాబ్రిస్ ముయాంబా అనుభవం. 2012లో మైదానంలోనే గుండె ఆగింది. 78 నిమిషాల తర్వాత గానీ మళ్లీ కొట్టుకోలేదు. 24 ఏళ్లకు ఆట వదిలి, యూనివర్సిటీలో చేరి స్పోర్ట్స్ జర్నలిజం డిగ్రీ తీసుకున్నాడు.

మరికొందరికి ఆట ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జారిపోతుంది. జపాన్ షట్లర్ కెంటో మొమోటా 2019లో ఏకంగా 11 టైటిళ్లు గెలిచాడు. 2020 జనవరిలో మలేసియా మాస్టర్స్ గెలిచిన కొన్ని గంటలకే అతనెక్కిన వ్యాన్ ప్రమాదానికి గురైంది. డ్రైవర్ చనిపోయాడు. మొమోటా కంటిగూడు ఎముక విరిగినట్టు తర్వాత తేలింది, ఒక వస్తువు రెండుగా కనిపించేది. ఆపరేషన్ చేయించుకుని తిరిగి ఆడాడు, టైటిళ్లు కూడా గెలిచాడు. కానీ టోక్యో ఒలింపిక్స్‌లో గ్రూపు దశలోనే ఓడాడు, ఆ పాత ఆట మళ్లీ రాలేదు. 2024లో 29 ఏళ్లకు అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు చెప్పాడు. నాలుగేళ్ల పాటు ప్రతి టోర్నీలో 'ఈసారైనా' అనుకోవడం ఎంత నరకమో ఊహించుకోవచ్చు. టేలర్‌కు డాక్టర్ ఒకే ఒక్క మాట చెప్పాడు. మొమోటాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు, తనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఈ రెండింట్లో ఏది ఎక్కువ బాధ అని తేల్చడం కష్టం. కానీ మన ఆటగాళ్లలో ఎక్కువమంది మొమోటా దారిలోనే ఉంటారు, మన దగ్గర వాళ్లకు తోడు తక్కువ.

క్రికెట్‌లో ఈ ఎదురుచూపుకు పాత ఉదాహరణ నారీ కాంట్రాక్టర్. 1962 మార్చిలో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ బంతి తలకు తగిలి పుర్రె చిట్లినప్పుడు అతను భారత కెప్టెన్, వయసు 28. రక్తం ఇచ్చినవాళ్లలో వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వోరెల్ ఒకడు. కాంట్రాక్టర్ బతికాడు, కోలుకున్నాడు, ఫస్ట్‌క్లాస్ క్రికెట్లోకి తిరిగి వచ్చి ఏళ్ల తరబడి ఆడాడు. టెస్ట్ క్యాప్ మాత్రం మళ్లీ దక్కలేదు. తలలో అమర్చిన లోహపు రేకును అరవై ఏళ్ల తర్వాత, 2022లో తీశారు. ఆ కాలంలో 'ఇక చాలు, నీ ప్రాణం ముఖ్యం' అన్నవాళ్లూ ఉంటారు, 'ఒక్క ఛాన్స్ ఇస్తే' అన్నవాళ్లూ ఉంటారు. ఇద్దరి మధ్యా నలిగేది ఆటగాడే.

మన ఇళ్లలో ఈ నలుగుడుకు మరో కోణం ఉంది. ఆటల్లో పడి చదువు పాడుచేసుకుంటున్నాడని మొదట్లో గొడవపడిన తండ్రి, పతకం రాగానే ఊరంతా చెప్పుకున్న తండ్రి, గాయం తర్వాత 'మేం ముందే చెప్పాం' అంటాడు. ఆయన బాధలోంచే ఆ మాట వస్తుంది. విన్న పిల్లవాడికి మాత్రం గాయం తన తప్పులా వినిపిస్తుంది. పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో బంధువులు 'మళ్లీ ఎప్పుడు ఆడతావురా?' అని అడుగుతారు. ప్రేమగానే అడుగుతారు. పదిసార్లు అదే ప్రశ్న విన్నాక ఆ కుర్రాడు ఫంక్షన్లకు రావడం మానేస్తాడు. ఆడపిల్లకైతే ప్రశ్నే మారిపోతుంది. ఆట ఎలాగూ పోయింది కదా, సంబంధాలు చూద్దాం అంటారు. ఆమె రెండో దారి వెతుక్కునే టైమ్ కూడా అలా చేజారుతుంది.

ఇక డబ్బు సంగతి. స్టార్ ఆటగాళ్లకు కామెంట్రీ ఉంటుంది, ప్రకటనలు ఉంటాయి, బోర్డు పదవులు ఉంటాయి. క్రికెటర్లకు బీసీసీఐ పెన్షన్ ఉంది, 2022లో దాన్ని పెంచారు కూడా. అసలు దెబ్బ తగిలేది జిల్లా, రాష్ట్ర స్థాయిలో కబడ్డీ, వాలీబాల్, వెయిట్‌లిఫ్టింగ్, అథ్లెటిక్స్ ఆడే పిల్లలకు. వాళ్లలో చాలామంది ఆడేది పతకంతో పాటు ఉద్యోగం కోసం. స్పోర్ట్స్ కోటా వాళ్ల ఇళ్లకు మొదటి నెల జీతం తెచ్చే దారి. ఆ దారి ఎలా కట్టి ఉందో కాస్త వివరంగా చూడాలి.

కోటాకు దరఖాస్తు చేయాలంటే ఫారాలు కావాలి. దేశం తరఫున ఆడితే ఫారం-1. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం-2. యూనివర్సిటీ తరఫున ఆడితే ఫారం-3, స్కూల్ నేషనల్స్ ఆడితే ఫారం-4. పెద్ద ఫారం వచ్చేదాకా ఆడుతూనే ఉండాలి. జూనియర్ నేషనల్స్‌లో మెరిసి, సీనియర్ నేషనల్స్‌కు ముందు మోకాలు పోగొట్టుకున్న కుర్రాడికి ఉన్న కాగితం చాలకపోవచ్చు, రావాల్సిన కాగితం ఇక రాదు. రైల్వే కోటాలో పరిస్థితి మరీ స్పష్టంగా ఉంటుంది. మొత్తం 100 మార్కుల్లో 50 సాధించిన ఫలితాలకు, 10 చదువుకు, మిగతా 40 గ్రౌండులో జరిగే ట్రయల్స్‌కు. ఆ 40లో కనీసం 25 వస్తేనే ఫిట్ అంటారు. ఫలితాలు కూడా ఇటీవలివై ఉండాలి. రైల్వే జట్టుకు ఆడేవాళ్లు కావాలి కాబట్టి వాళ్ల కోణంలో అది న్యాయమే. అయితే ఆట వల్లే కాలు పోగొట్టుకున్నవాడికి, ఆట పేరుతో ఇచ్చే ఉద్యోగంలో చోటు లేకపోవడం మాత్రం ఎవరూ కూర్చుని సరిదిద్దని లోపం. దేశం కోసమో రాష్ట్రం కోసమో ఆడుతూ గాయపడటాన్ని ఉద్యోగంలో జరిగిన ప్రమాదంలా చూడాలని ఈ వ్యాసం గట్టిగా అంటుంది.

ఉద్యోగం ముందే చేతిలో ఉన్నవాళ్ల పరిస్థితి ఎంత వేరుగా ఉంటుందో కరణం మల్లీశ్వరిని చూస్తే తెలుస్తుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి 2000 సిడ్నీలో కాంస్యం గెలిచిన ఆమె, 2004 ఏథెన్స్‌లో వెన్ను గాయంతో పోటీ పూర్తి చేయలేకపోయింది. అదే ఆమె ఆఖరి ఒలింపిక్స్. అప్పటికే ఫుడ్ కార్పొరేషన్‌లో ఉద్యోగం ఉంది. తర్వాత పిల్లలకు శిక్షణ ఇచ్చింది, 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి తొలి వైస్ ఛాన్సలర్ అయింది. ఆమె కష్టాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు. కానీ అదే వెన్ను నొప్పి సిడ్నీకి ముందే వచ్చి ఉంటే, ఈ మెట్లలో ఎన్ని మిగిలేవో చెప్పలేం.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం సరికాదు. అంతర్జాతీయ పతక విజేతలకు కేంద్రం 1994 నుంచి పెన్షన్ ఇస్తోంది. కష్టాల్లో ఉన్న క్రీడాకారులకు, గాయాలపాలైనవాళ్లకు సాయం చేసే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ సంక్షేమ నిధి ఉంది. 2024 ఆగస్టు 29న, జాతీయ క్రీడా దినోత్సవం నాడు, రీసెట్ పేరుతో కొత్త కార్యక్రమం మొదలైంది. రిటైరైన 20 నుంచి 50 ఏళ్ల క్రీడాకారులకు గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి జాతీయ వ్యాయామ విద్యా సంస్థ ద్వారా కోర్సులు నేర్పి, క్రీడారంగంలోనే ఉద్యోగాలకు సిద్ధం చేయాలన్నది ఆలోచన. ఇంటర్ పాసైనవాళ్లకు ఒక స్థాయి, అంతకంటే తక్కువ చదివినవాళ్లకు మరో స్థాయి పెట్టారు. పెద్దగా చదువుకోని ఆటగాళ్లు ఉన్నారని ఒప్పుకుని వాళ్లకూ తలుపు తెరవడం చాలా మంచి పని. లోటు ఎక్కడంటే, 17 ఏళ్లకు ఆట పోయినవాడు ఆ 20 దాకా ఆగాలి. ఆ మూడేళ్లే అతనికి అన్నిటికన్నా ప్రమాదకరమైనవి.

గాయపడినవాళ్లకు అందరూ చెప్పే సలహా 'కోచ్ అవ్వు'. అది కొందరికి బాగా సరిపోతుంది. 2019 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచిన షట్లర్ సాయి ప్రణీత్, టోక్యో తర్వాత గాయాలతో సతమతమై 2024 మార్చిలో రిటైరయ్యాడు. వెంటనే అమెరికాలో నార్త్ కరోలినాలోని ట్రయాంగిల్ బ్యాడ్మింటన్ అకాడమీకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. తెలుగు కుటుంబాలు బాగా ఉన్న ప్రాంతం అది. గోపీచంద్ అకాడమీలో నేర్చుకున్న ఆట అలా అక్కడి పిల్లలకు చేరుతోంది. అయినా బాగా ఆడినవాళ్లందరూ బాగా నేర్పలేరు. పైగా ఇంకా గాయం పచ్చిగా ఉన్నప్పుడు, తను ఆడలేని కోర్టు పక్కన నిలబడి రోజూ ఇతరులను ఆడించడం కొందరికి ఓదార్పు, కొందరికి శిక్ష. అడగకుండా ఆ పనిలోకి తోయకూడదు. వికెట్‌కీపర్ సబా కరీం 2000లో ఢాకాలో ఆసియా కప్ మ్యాచ్‌లో అనిల్ కుంబ్లే బంతి కంటికి తగిలాక ఎక్కువ కాలం ఆడలేకపోయాడు. ఆ తర్వాత సెలెక్టరయ్యాడు, బోర్డులో క్రికెట్ వ్యవహారాలు చూశాడు, కామెంట్రీ చేశాడు. బాస్కెట్‌బాల్ దిగ్గజం యావో మింగ్ పాదం గాయాలతో 2011లో ఆట మానేసి షాంఘైలో యూనివర్సిటీలో చేరాడు, 2018లో డిగ్రీ పూర్తిచేశాడు. రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన జర్మనీ సైక్లిస్ట్ క్రిస్టీనా ఫోగెల్ 2018లో శిక్షణలో జరిగిన ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమైంది. మరుసటి ఏడాదే ఎర్‌ఫుర్ట్ నగర కౌన్సిల్‌కు ఎన్నికైంది. ఆటతో ఏ సంబంధమూ లేని పని ఎంచుకోవడం ఆటకు ద్రోహం చేయడం కాదని ఈ ఉదాహరణ మన పిల్లలకు చెప్పాలి.

పారా క్రీడల గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. 1965 యుద్ధంలో తూటాలు తగిలిన ఆర్మీ బాక్సర్ మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో ఈతలో స్వర్ణం గెలిచాడు. 2011లో రోడ్డు ప్రమాదంలో కాలు కోల్పోయిన మానసి జోషి, హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీలో సాధన చేసి 2019లో బాసెల్‌లో పారా బ్యాడ్మింటన్ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఇవి అసలైన క్రీడా విజయాలు. పాత ఆటకు బదులుగా దక్కిన ఓదార్పు బహుమతులుగా వాటిని చూపిస్తే ఆ ఆటగాళ్లను అవమానించినట్టే. పైగా గాయపడిన చాలామందికి పారా వర్గీకరణకు సరిపోయే వైకల్యం ఉండదు. మోకాలు అరిగినవాడు మామూలు ఆటకూ పనికిరాడు, పారా ఆటకూ అర్హుడు కాడు.

చేయగలిగినవాటిలో పెద్ద ఖర్చు లేనివే ఎక్కువ. ఏసీఎల్ ఆపరేషన్ అయిన రోజునే డాక్టర్ రెండు దారులూ చెప్పాలి: ఆడగలిగితే ఏంటి, ఆడలేకపోతే ఏంటి అని. క్యాంపు నుంచి పంపేసిన పిల్లవాడిని వాట్సాప్ గ్రూపు నుంచి తీసేయకూడదు. స్కోరు రాయడమో, వీడియో తీయడమో, జూనియర్ల వార్మప్ చూడటమో, అతనికి ఇష్టమైతేనే, ఏదో ఒక పని అప్పగించి మనుషుల మధ్య ఉంచాలి. స్పోర్ట్స్ హాస్టళ్లలో టెన్త్, ఇంటర్ పరీక్షలకు టోర్నీల వల్ల పోయిన క్లాసులను సీజన్ అయ్యాక తప్పనిసరిగా చెప్పాలి. ఆ చదువే తర్వాత పట్టుకుని నిలబడే చెయ్యి అవుతుంది.

ఖర్చుతో కూడినవి రెండు ఉన్నాయి. ఒకటి, రాష్ట్ర జట్టుకు ఎంపికైన ప్రతి ఆటగాడికీ క్రీడా సంఘమో ప్రభుత్వమో బీమా చేయించడం. ఆపరేషన్‌తో ఆగకుండా ఏడాది ఫిజియోథెరపీ, కౌన్సెలింగ్ ఖర్చు కూడా అందులో ఉండాలి. రెండోది స్పోర్ట్స్ కోటాలో మార్పు. పోటీలోనో అధికారిక శిక్షణలోనో గాయపడి ఇక ఆడలేడని మెడికల్ బోర్డు తేల్చినవాళ్లకు ట్రయల్స్ మార్కులు పక్కన పెట్టి, గాయానికి ముందు సాధించిన ఫలితాలతో, చదువుతో లెక్క కట్టాలి. జట్టుకు ఆడే పోస్టులు కాకుండా ఆఫీసు పోస్టుల్లో వాళ్లకు కొన్ని కేటాయిస్తే రైల్వేకు గానీ పోలీసు శాఖకు గానీ జట్టు బలం ఒక్క ఆటగాడు కూడా తగ్గదు. కోటా శాతాన్ని పెంచాలన్న డిమాండ్ తరచూ వినిపిస్తుంది. ఉన్న శాతంలోనే ఇలాంటి కొద్ది పోస్టులను విడదీయడానికి ఒక్క ప్రభుత్వ ఉత్తర్వు చాలు.